జర్మనీలో మాస్టర్స్: కన్సల్టెన్సీ లేకుండా మీరే అప్లై చేసుకోవడం ఎలా?

బీటెక్ మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు పదేపదే అడుగుతున్నవి రెండే ప్రశ్నలు. "జర్మనీలో ఫీజు లేదంటున్నారు, నిజమేనా?" "కన్సల్టెన్సీకి వెళ్ళకుండా మనమే చేసుకోగలమా?" రెండింటికీ అవుననే జవాబు. మొదటిదానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రెండోదానికి ఓపిక కావాలి. ఈ పని మొత్తంలో నిజంగా బుర్ర పెట్టాల్సింది కోర్సు ఎంచుకునేటప్పుడే. మిగతాదంతా ఏది ముందు, ఏది వెనక అన్న వరస. ఆ వరస తప్పితే ఒక సెమిస్టరు పోతుంది. చలికాలం సెమిస్టరులో మాత్రమే చేర్చుకునే కోర్సులైతే ఏడాదే పోతుంది.

కన్సల్టెన్సీల గురించి ఒక ముక్క. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా ఏజెంట్లకు కమిషన్ ఇవ్వవు. ప్రైవేటు కాలేజీలు ఇస్తాయి. అందుకే "మా సర్వీసు ఫ్రీ" అని బోర్డు పెట్టిన చోట మీకు ముందు చూపించే బ్రోషర్ ఏడాదికి లక్షలు కట్టాల్సిన ప్రైవేటు కాలేజీది అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ కూర్చున్నవాళ్ళు అబద్ధం చెప్పనక్కర్లేదు, ప్రభుత్వ యూనివర్సిటీల ఊసెత్తకుండా ఉంటే చాలు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పాస్‌పోర్ట్ (చదువు మొదలయ్యాక కనీసం ఏడాది పైగా చెల్లుబాటు ఉండేలా)
- టెన్త్ మెమో, ఇంటర్ మెమో
- బీటెక్ సెమిస్టర్ మెమోలన్నీ. పూర్తయితే కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ)
- కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టు, ఇంగ్లిష్ మీడియం సర్టిఫికెట్, ఇంకా చదువుతుంటే బోనఫైడ్
- మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం, పీడీఎఫ్ అయినా సరే
- ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోరు
- ఇద్దరు ప్రొఫెసర్ల రికమెండేషన్ లెటర్లు, రెజ్యుమె, ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం)
- డబ్బు: ఏపీఎస్‌కు (మన సర్టిఫికెట్లు అసలువేనని ఇచ్చే ధ్రువపత్రం) 18,000 రూపాయలు, అప్లికేషన్లకు ఒక పాతిక ముప్ఫై వేలు, ఆ తర్వాత బ్లాక్డ్ అకౌంట్‌కు (ఏడాది ఖర్చు ముందే జమ చేసి చూపించే ఖాతా) 11,904 యూరోలు. యూరో నూరు రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు

మెమోలన్నిటినీ ఒరిజినల్స్ నుంచి రంగుల్లో స్కాన్ చేయించండి. జిరాక్సును ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాటిని తిప్పి పంపేస్తారు.

1. క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కపెట్టండి

చలికాలం సెమిస్టర్ యూనివర్సిటీల్లో అక్టోబర్ 1న, అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో (ప్రాక్టికల్ చదువుకు ప్రాధాన్యమిచ్చేవి) ఎక్కువగా సెప్టెంబర్ 1న మొదలవుతుంది. అప్లికేషన్ గడువు జులై 15 అని చాలాచోట్ల చదువుతారు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. బయటి దేశాల విద్యార్థులకు చాలా కోర్సుల గడువు మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే ముగుస్తుంది. అంటే వచ్చే అక్టోబర్‌లో చేరాలంటే ఈ ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే పాస్‌పోర్ట్, ఏపీఎస్, ఇంగ్లిష్ పరీక్ష పనులు మొదలవ్వాలి. వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది, గడువు ఎక్కువగా జనవరి 15. ఆ సెమిస్టర్‌లో చేర్చుకునే ఇంగ్లిష్ మీడియం కోర్సులు తక్కువే.

ఫైనలియర్ రిజల్ట్స్ రాలేదని ఆగనక్కర్లేదు. చాలా కోర్సులకు ఆరో సెమిస్టరు వరకో ఏడో సెమిస్టరు వరకో మార్కులతో అప్లై చేసి, ప్రొవిజనల్‌ను చేరేటప్పుడు ఇవ్వవచ్చు. ఆ వీలు ఉందో లేదో కోర్సు పేజీలో రాసి ఉంటుంది.

2. పాస్‌పోర్ట్‌లో పేరు చూసుకోండి

మనవాళ్ళకు ఎక్కువ తలనొప్పి ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. అంతవరకూ గొడవ లేదు. గొడవ వచ్చేది మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉన్నప్పుడు, "వెంకట సాయి" ఒకచోట కలిపి ఇంకోచోట విడదీసి రాసినప్పుడు, లేదా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉన్నప్పుడు.

చేయాల్సిందిది:

- సర్‌నేమ్ ఖాళీగా ఉంటే ఒక్క అప్లికేషన్ కూడా పంపకముందే పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకు వేసి సరిచేయించుకోండి. అడ్మిషన్ వచ్చాక మార్చితే అడ్మిషన్ లెటర్‌లో ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో ఇంకో పేరు అవుతుంది.
- ఇనిషియల్ తేడా, ఖాళీ తేడా లాంటి చిన్నవైతే "ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి" అని నోటరీ అఫిడవిట్ ఒకటి ఇంగ్లిష్‌లో తీసిపెట్టుకోండి.
- ఇక్కడి నుంచి ప్రతి ఫారంలో, ప్రతి అకౌంట్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి. ఐఈఎల్‌టీఎస్ రిజిస్ట్రేషన్‌తో సహా.

3. మీ సీజీపీఏను జర్మన్ గ్రేడులోకి మార్చండి

అక్కడ 1.0 అంటే ఫస్టు, 4.0 అంటే పాసు. తక్కువ ఉంటేనే మంచిది. మార్చే పద్ధతిని మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అంటారు: గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి, దాన్ని (గరిష్ఠం − కనీస పాసు మార్కు)తో భాగించండి, 3తో గుణించి 1 కలపండి.

పదికి 7.5 వచ్చి, కనీస పాసు పాయింటు 5 అయితే: 2.5 ÷ 5 × 3 + 1 = 2.5. అదే 8 వస్తే 2.2.

కనీస పాసు పాయింటును ఊహించి వేసుకోకండి. అది 5 కాకుండా 4 అయితే ఆ 7.5 కాస్తా 2.25 అవుతుంది. మెమో వెనక గానీ రెగ్యులేషన్ పుస్తకంలో గానీ ఉన్న అంకెనే తీసుకోండి. 2.5 కంటే మెరుగ్గా ఉండాలని అడిగే కోర్సులు చాలా ఉన్నాయి కాబట్టి మీరు ఆ గీతకు ఇటున్నారో అటున్నారో ముందే తెలుసుకోవడం అవసరం.

4. కోర్సు ఎంచుకోవడం

డీఏఏడీ (విదేశీ విద్యార్థుల కోసం పనిచేసే జర్మన్ సంస్థ) వెబ్‌సైట్‌లో ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ డేటాబేస్ ఉంది. డిగ్రీ దగ్గర మాస్టర్, భాష దగ్గర ఇంగ్లిష్ మాత్రమే, ఫీజు దగ్గర లేదు అని పెట్టి వెతకండి. వచ్చిన జాబితాను నమ్మేసి ఆగిపోకుండా ప్రతి కోర్సుకూ యూనివర్సిటీ సొంత పేజీ తెరిచి చదవండి. చివరి మాట ఆ పేజీదే.

ఫీజు గురించి ఇక్కడే చెప్పేస్తాను. చాలా రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని ఊరిని బట్టి ఎక్కువచోట్ల వంద నుంచి 350 యూరోల దాకా కట్టాలి. కానీ బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో (స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, ఫ్రైబుర్గ్, హైడెల్‌బెర్గ్ ఊళ్ళున్నది) 2017 చలికాలం నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కడుతున్నారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలం నుంచి మాస్టర్స్‌కు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల దాకా పెట్టింది. అయిదేళ్ళ క్రితం వెళ్ళిన సీనియర్ చెప్పిన లెక్క ఇప్పుడు పనికిరాదు.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర మెకానికల్ చదివినవాళ్ళూ సివిల్ చదివినవాళ్ళూ అమెరికా వెళ్ళి డేటా సైన్స్ చేస్తారు. జర్మనీలో ఆ దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. అక్కడ మాస్టర్స్ అంటే బ్యాచిలర్స్‌కు కొనసాగింపు. "గణితంలో ఇన్ని ఈసీటీఎస్, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని, థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌లో ఇన్ని" అని రాసి ఉంటుంది. అవి లేకపోతే తొమ్మిది పైన సీజీపీఏ ఉన్నా, ఐఈఎల్‌టీఎస్ 8 వచ్చినా తిరస్కరిస్తారు. ఎక్కువ రిజెక్షన్లు వచ్చేది మార్కులు తక్కువై అనుకుంటారు. చాలాసార్లు కారణం ఇదీ.

ఈసీటీఎస్ అంటే వాళ్ళ క్రెడిట్. ఏడాది చదువుకు 60. నాలుగేళ్ళ బీటెక్‌ను 240 అనుకుంటే, మీ డిగ్రీ మొత్తం 160 క్రెడిట్లయితే ఒక్కో క్రెడిట్‌కు ఒకటిన్నర ఈసీటీఎస్ వస్తుంది. కోర్సు గణితంలో 20 అడిగిందనుకోండి. మీకు మ్యాథ్స్ పేపర్లు మూడు, ఒక్కోటి 4 క్రెడిట్లు: మొత్తం 12, అంటే 18 ఈసీటీఎస్. రెండు తగ్గింది. అప్పుడు ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్, న్యూమరికల్ మెథడ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటి పేపర్లు వేరే పేరుతో సిలబస్‌లో దాక్కున్నాయేమో చూడండి. ఉంటే వాటినీ లెక్కలో చూపించవచ్చు. ఈ మార్పిడికి దేశమంతా ఒకే రూలు లేదు. యూనివర్సిటీ తన పద్ధతి చెబితే దాన్నే వాడండి.

ఈ లెక్కను ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకోండి: సబ్జెక్టు పేరు, క్రెడిట్లు, ఈసీటీఎస్, కోర్సు అడిగిన ఏ విభాగం కిందికి వస్తుంది, సిలబస్‌లో ఏ పేజీ. కొన్ని యూనివర్సిటీలు ఇదే పట్టికను అప్లికేషన్‌లో అడుగుతాయి. అడగకపోయినా ఏ కోర్సుకు అప్లికేషన్ ఫీజు పెట్టవచ్చో, ఏది దండగో ఈ షీటే చెబుతుంది.

మూడేళ్ళ బీఎస్సీ, బీకాం చదివినవాళ్ళు 180 ఈసీటీఎస్ అడిగే కోర్సులు చూసుకోవాలి. 210 అడిగే చోట మీకు కుదరదు. మూడేళ్ళ భారతీయ డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు పూర్తి బ్యాచిలర్స్‌గా తీసుకోవు, ముందే మెయిల్ పెట్టి అడగండి.

చివరికి ఆరు నుంచి పది కోర్సులు మిగలాలి. రెండు మీ స్థాయికి కొంచెం పైవి, నాలుగైదు సరిగ్గా సరిపోయేవి, మిగతావి సీట్ల పరిమితి లేనివి. సీట్ల పరిమితి లేని కోర్సును త్సూలాసుంగ్స్‌ఫ్రై అంటారు. అర్హత ఉంటే సీటు ఇవ్వాల్సిందే. పెద్ద పేరు లేని ఊళ్ళను చులకన చేయకండి. కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్, ఇల్మెనావ్ లాంటి చోట్ల అద్దె మ్యూనిక్‌తో పోలిస్తే బాగా తక్కువ. రెండేళ్ళలో ఆ తేడా లక్షల్లోకి వెళ్తుంది.

సరిచూసుకోండి: మీరు ఎంచుకున్న జర్మన్ కాలేజీ పేరును అనాబిన్ అనే జర్మన్ ప్రభుత్వ డేటాబేస్‌లో వెతకండి. హెచ్ ప్లస్ (గుర్తింపు ఉన్నట్టు) అని ఉండాలి. మీ బీటెక్ యూనివర్సిటీని కూడా అందులోనే చూడండి. ప్రైవేటు కాలేజీకి ప్రభుత్వ గుర్తింపు ఉండవచ్చు, తప్పేమీ లేదు. కానీ క్లాసులు చాలావరకు ఆన్‌లైన్ అయితే స్టూడెంట్ వీసాకు ఇబ్బంది.

5. ఏపీఎస్ సర్టిఫికెట్

మన సర్టిఫికెట్లు అసలువేనని ఢిల్లీలోని ఏపీఎస్ ఇండియా ఇచ్చే ధ్రువపత్రం ఇది. 2022 నవంబర్ 1 నుంచి భారతీయ విద్యార్థులకు వీసా కోసం తప్పనిసరి. చాలా యూనివర్సిటీలు అప్లికేషన్‌తోనే అడుగుతున్నాయి. అందుకే ఐఈఎల్‌టీఎస్ కంటే ముందు దీనికి వేయండి. నెలా రెండు నెలలు చేతిలో ఉంచుకోండి, సీజనులో ఇంకా లాగుతుంది.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లో నింపి, ఫీజు కట్టి, అక్కడి చెక్‌లిస్టు అడిగిన పత్రాలను అడిగిన పద్ధతిలోనే ఇవ్వాలి. ఫీజు తిరిగి రాదు. సాధారణంగా జరిగే పొరపాట్లు: ఒక సెమిస్టర్ మెమో మర్చిపోవడం, సప్లిమెంటరీ రాసిన మెమో జత చేయకపోవడం, మెమో వెనక వైపు స్కాన్ చేయకపోవడం. బ్యాక్‌లాగ్ ఉందని పాత మెమోను దాచకండి. సప్లీ ఉండటం నేరం కాదు, దాచినట్టు బయటపడితే మాత్రం కథ అక్కడే ముగుస్తుంది.

6. ఇంగ్లిష్ పరీక్ష, ఎస్‌ఓపీ, లెటర్లు

ఐఈఎల్‌టీఎస్ 6.5 ఉంటే చాలా కోర్సులకు సరిపోతుంది. మీడియం సర్టిఫికెట్ చాలు అనే యూనివర్సిటీలు ఉన్నాయి కానీ వాటి మీదే ఆధారపడకండి. జీఆర్‌ఈ కొన్నిటికే.

ఎస్‌ఓపీలో చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టం అన్న పేరా కొట్టేయండి. వాళ్ళకు కావాల్సింది: ఈ కోర్సులో ఏ మాడ్యూల్ మీకు ఎందుకు అవసరం, మీ ప్రాజెక్టులో మీరు చేసిన పని ఏమిటి, తర్వాత ఏం చేస్తారు. పరీక్ష చాలా తేలిక: మీ ఎస్‌ఓపీలో యూనివర్సిటీ పేరు మార్చి ఇంకో చోటికి పంపగలిగేలా ఉంటే అది ఇంకా పూర్తి కాలేదు. సీనియర్ ఎస్‌ఓపీని అటూ ఇటూ మార్చి పంపకండి.

రికమెండేషన్ లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రొఫెసర్ సంతకం, కాలేజీ మెయిల్ ఐడీతో ఉండాలి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనే సార్లు మన దగ్గర ఎక్కువే. అలాంటప్పుడు మీ ప్రాజెక్టు వివరాలు, ఆ సార్ సబ్జెక్టులో మీ మార్కులు ఒక పేజీలో రాసిచ్చి, దాన్నిబట్టి ఆయన మాటల్లోనే రాయమని అడిగి చూడండి. రెండు లెటర్లూ ఒకే శైలిలో ఉంటే చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

7. అప్లికేషన్ పంపడం

ప్రధాన దారులు రెండు. కొన్ని యూనివర్సిటీలు తమ సొంత పోర్టల్‌లోనే తీసుకుంటాయి, ఉదాహరణకు ఆకెన్‌లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్. ఇంకొన్ని యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా తీసుకుంటాయి. అక్కడ ఒక సెమిస్టర్‌లో మొదటి కోర్సుకు 75 యూరోలు, తర్వాతి ప్రతి కోర్సుకు 30 యూరోలు. ఎనిమిది కోర్సులకు 285 యూరోలవుతుంది. సొంత పోర్టల్ ఉన్నవి కలిస్తే ఖర్చు తగ్గుతుంది.

మూడో రకం కూడా ఉంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు. యూని-అసిస్ట్ మీ మార్కులను పరిశీలించి వీపీడీ అనే పత్రం ఇస్తుంది. దాన్ని తీసుకెళ్ళి యూనివర్సిటీ పోర్టల్‌లో మీరే మళ్ళీ అప్లై చేయాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ పద్ధతి ఇదే. వీపీడీ రాగానే పని అయిపోయిందనుకుని ఊరుకున్నవాళ్ళకు గడువు దాటిపోయాక గానీ విషయం తెలియదు.

గడువుకు కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు పంపండి. ఫీజు అందాకే వాళ్ళు ఫైలు తెరుస్తారు.

సరిచూసుకోండి: పంపిన వారం తర్వాత లాగిన్ అయి చూడండి. ఫీజు అందినట్టు ఉండాలి, ప్రతి కోర్సూ సబ్మిట్ అయినట్టు ఉండాలి, డ్రాఫ్టులో ఏదీ మిగలకూడదు. పత్రం ఏదైనా అడిగితే అది మీ అకౌంట్ ఇన్‌బాక్సులో కనిపిస్తుంది. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌ను రోజూ చూడటం అలవాటు చేసుకోండి.

8. అడ్మిషన్ వచ్చిన రోజే చేయాల్సినవి

స్వీట్లు పంచేముందు మూడు పనులు. ఒకటి, లెటర్‌లో సీటు ఒప్పుకున్నట్టు చెప్పాల్సిన చివరి తేదీ చూసి ఒప్పుకోండి. రెండు, షరతులేమైనా ఉన్నాయేమో చదవండి: ప్రొవిజనల్ ఫలానా తేదీలోపు, జర్మన్ ఏ1 (భాషలో మొదటి స్థాయి) లాంటివి. మూడు, ఆ ఊరి స్టుడీరెన్‌డెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి చూసే సంస్థ) హాస్టల్‌కు ఆ రోజే అప్లై చేయండి. వెయిటింగ్ లిస్టు నెలల్లో ఉంటుంది, చేరేదాకా ఆగితే రూము దొరకదు.

బయట రూము వెతుకుతుంటే ఒక్క హెచ్చరిక. "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపు, తాళం కొరియర్ చేస్తా" అన్న ఓనర్ ఎంత మంచిగా మాట్లాడినా మోసగాడే. గది ఎవరైనా వెళ్ళి చూడకుండా, కాంట్రాక్టు లేకుండా డబ్బు పంపకండి.

9. బ్లాక్డ్ అకౌంట్

ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే జమ చేసి చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. అక్కడికి వెళ్ళాక నెలకు 992 చొప్పున మీ చేతికొస్తుంది. ఎక్స్‌పాట్రియో, ఫింటిబా, కొరాకిల్ లాంటి సంస్థల దగ్గర ఆన్‌లైన్‌లో తెరుస్తారు. కట్టే ముందు ఆ ఏడాది మొత్తం ఎంతో జర్మన్ ఎంబసీ పేజీలో చూడండి, అప్పుడప్పుడూ పెంచుతుంటారు.

మీ బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపేది) నింపి పంపాలి. మధ్యలో బ్యాంకులు చార్జీలు కోసుకుంటే అవతల పది యూరోలు తక్కువ పడి కన్ఫర్మేషన్ ఆగిపోతుంది. చార్జీలన్నీ పంపేవాళ్ళే భరించేలా, అంటే "అవర్" పద్ధతిలో పంపమని చెప్పండి. సంస్థ ఇచ్చిన రెఫరెన్స్ నంబర్ తప్పకుండా రాయించండి.

సొంత డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి పంపితే దాటిన భాగం మీద టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రేటెంతో పంపేముందు బ్యాంకును అడగండి. ఎవరి పాన్ మీద పంపితే వాళ్ళు రిటర్న్‌లో వెనక్కి తీసుకోవచ్చు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోను నుంచి వెళ్ళే డబ్బుకు టీసీఎస్ లేదు.

"బ్లాక్డ్ అకౌంట్ డబ్బు మేం పెడతాం, నెలనెలా మాకు తిరిగివ్వు" అని బేరం పెట్టేవాళ్ళున్నారు. ఆ 992లోంచే వాళ్ళకు కడితే అక్కడ ఏం తింటారు? విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసే అనుమతి ఉంది నిజమే. కానీ జర్మన్ రానివాళ్ళకు మొదటి ఆర్నెల్లలో ఉద్యోగం దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు.

తెలంగాణ విద్యార్థులైతే ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. ఈ-పాస్ పోర్టల్‌లో నోటిఫికేషన్లు చూస్తుండండి. మంజూరై డబ్బు చేతికి రావడానికి టైం పడుతుంది, దాన్ని నమ్ముకుని బ్లాక్డ్ అకౌంట్ ఆపకండి.

10. హెల్త్ ఇన్సూరెన్స్

30 ఏళ్ళలోపువాళ్ళు టీకే, ఏఓకే లాంటి పబ్లిక్ ఇన్సూరెన్స్ తీసుకోండి. దిగిన రోజు నుంచి యూనివర్సిటీలో చేరేదాకా ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే ఉండాలి. సగానికి సగం ధర అని ప్రైవేటుది తీసుకుని పబ్లిక్ నుంచి మినహాయింపు రాయించుకుంటే చదువు అయ్యేదాకా వెనక్కి రాలేరు. 30 దాటినవాళ్ళకు ఎలాగూ ప్రైవేటే దిక్కు.

11. వీసా

ఇప్పుడు జర్మన్ విదేశాంగ శాఖ కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేస్తున్నారు. పత్రాలు అప్‌లోడ్ చేశాక, సరిచూసి పిలిస్తే అపాయింట్‌మెంట్‌కు ఒరిజినల్స్‌తో వెళ్ళాలి. ఫీజు 75 యూరోలకు సరిపడా రూపాయలు. కావాల్సిన పత్రాలు: పాస్‌పోర్ట్, అడ్మిషన్ లెటర్, ఏపీఎస్, బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్, మెమోలు, మోటివేషన్ లెటర్. ఈ మోటివేషన్ లెటర్‌కూ ఎస్‌ఓపీకీ పొంతన ఉండాలి.

పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది: "రిజెక్ట్ అయితే రిమాన్‌స్ట్రేషన్ వేయొచ్చు, ఫ్రీ." రిమాన్‌స్ట్రేషన్ అంటే తిరస్కరణను మళ్ళీ పరిశీలించమని ఎంబసీని అడగడం. 2025 జులై 1 నుంచి ఆ పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు మళ్ళీ కొత్తగా అప్లై చేయాలి, లేదా బెర్లిన్ కోర్టుకు వెళ్ళాలి. కాబట్టి మొదటిసారే ఫైలు పక్కాగా ఉండాలి. వీసా స్టాంపు పడేదాకా రీఫండ్ లేని టికెట్ కొనకండి.

12. సామాను

ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ చేతి సంచిలో. చెక్-ఇన్ బ్యాగులో ఒక్కటి కూడా వద్దు.

అమ్మలు కొంచెం బాధపడే సంగతి: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు. గోంగూర మటన్, చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా, నేతితో చేసిన పూతరేకులు అన్నీ అందులోకే వస్తాయి. తాజా కరివేపాకు, మామిడిపళ్ళకూ ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు లేవని ఇచ్చే పత్రం) అడుగుతారు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడులతో ఇబ్బంది లేదు. సీసాల్లో కాకుండా గట్టి కవర్లలో రెండు పొరలుగా ప్యాక్ చేయించండి. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీ ఇంగ్లిష్‌లో.

ఎగరకముందు దొరికిన నెలల్లో ఏ1, ఏ2 జర్మన్ నేర్చుకోండి. హైదరాబాద్‌లో గోథే సెంట్రమ్ ఉంది. కోర్సు ఇంగ్లిష్‌లోనే అయినా ఇంటి ఓనరు, మున్సిపల్ ఆఫీసు, పార్ట్‌టైం ఉద్యోగం జర్మన్‌లోనే.

13. దిగాక

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఓనర్ సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. పేరు నోరు తిరక్కపోయినా కాగితం మాత్రం మర్చిపోవద్దు. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. స్నేహితుడి గదిలో తాత్కాలికంగా ఉంటే ఆ చిరునామాతో నమోదు కుదురుతుందో లేదో ముందే అడగండి. ఈ నమోదు కాగితం లేనిదే మిగతావి చాలా కదలవు.

ఆ తర్వాత వరస: బ్యాంకు అకౌంట్, బ్లాక్డ్ అకౌంట్ యాక్టివేషన్, యూనివర్సిటీలో చేరిక, చివరగా వీసా గడువు తీరేలోపు ఫారినర్స్ ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్. ఆ ఆఫీసు అపాయింట్‌మెంట్ నెలలు పట్టవచ్చు. వీసా తీరేలోపే అప్లై చేసినట్టు రుజువుగా మెయిల్, రసీదు దాచుకోండి.

నమోదైన కొన్ని వారాలకు పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది, రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అని. టీవీ, రేడియో రుసుము, నెలకు 18.36 యూరోలు. మీ దగ్గర టీవీ లేకపోయినా కట్టాలి, కానీ ఇంటికి ఒకరు కడితే చాలు. ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేస్తే జరిమానాతో మళ్ళీ వస్తుంది. రూమ్మేట్లలో ఎవరైనా ఇప్పటికే కడుతుంటే వాళ్ళ నంబర్ రాసి జవాబు పంపండి, నెలకు ఆ మొత్తాన్ని అందరూ పంచుకోండి.